ఇంటరాక్టివ్ గ్రాఫిక్స్, విజువల్ జర్నలిజంలోకి రావాలంటే ఎలా మొదలెట్టాలి

వార్తని చార్టులు, మ్యాపులతో చెప్పే ఈ పనిలోకి కోడింగ్ వచ్చినోళ్లు రావాలా, జర్నలిజం చదివినోళ్లు రావాలా, డిజైన్ వాళ్లు రావాలా అని చాలామంది అడుగుతుంటారు. ఎవరైనా రావొచ్చండి, గ్రాఫిక్స్ డెస్క్‌లో ఈ ముగ్గురూ పక్కపక్కనే కూర్చుంటారు. జోష్ కాట్జ్ సంగతే చూడండి, స్టాటిస్టిక్స్ చదువుకుంటూ అమెరికాలో ఏ ప్రాంతంవాళ్లు ఏ మాట వాడతారో మ్యాపులు వేశాడు, తర్వాత న్యూయార్క్ టైమ్స్‌లో ఇంటర్న్‌గా చేరాడు, ఆ పనిలోంచి పుట్టిన క్విజ్ 2013 డిసెంబర్ చివర్లో పెడితే ఆ ఏడాది మొత్తానికీ వాళ్ల సైట్‌లో ఎక్కువమంది చూసింది అదే అయ్యింది!

సరే, మీరేం చెయ్యాలంటే, ఏ టూల్ నేర్చుకోవాలి అనే గొడవ కాసేపు పక్కనపెట్టి ముందొక ప్రశ్న పట్టుకోండి. "ఎండలు" అనేది టాపిక్ మాత్రమే, "పగలు సరే, రాత్రిళ్లు కూడా వేడి తగ్గట్లేదా" అంటే అది ప్రశ్న, దానికి ఏ డేటా కావాలో వెంటనే తెలిసిపోతుంది. ఆ డేటా తెచ్చుకుని కాగితం మీద పెన్సిల్‌తో నాలుగైదు రకాలుగా గీసి చూడండి. హెడ్డింగ్ కూడా అప్పుడే రాసెయ్యండి, హెడ్డింగ్ రాయలేకపోతున్నారంటే మీ దగ్గర ఇంకా స్టోరీ లేనట్టే.

డేటా శుభ్రం చెయ్యడమే సగం ఉద్యోగం. నేను మొదట్లో సరిగ్గా ఈ రాత్రి ఉష్ణోగ్రతల మీదే లైన్ చార్ట్ చేస్తే వేసవి మధ్యలో ఓ నాలుగు రోజులు గీత ధబేల్మని సున్నాకి పడిపోయింది, నేను గమనించనే లేదు, ఎడిటర్ చూసి "ఇక్కడ మంచేమైనా కురిసిందా?" అన్నారు. జరిగిందేంటంటే ఆ నాలుగు రోజులూ రీడింగ్ లేదు, ఫైల్‌లో గడులు ఖాళీగా ఉన్నాయి, వెబ్‌పేజీలకి వాడే కోడింగ్ భాష జావాస్క్రిప్ట్‌లో ఖాళీ టెక్స్ట్ ముందు ప్లస్ గుర్తు పెట్టి నంబర్‌గా మారిస్తే ఎర్రర్ ఏం రాదు, చప్పుడు చెయ్యకుండా సున్నా చేతిలో పెడుతుంది. అప్పట్నుంచి ఏ ఫైల్ వచ్చినా మొట్టమొదట అన్నిటికన్నా తక్కువ విలువ, ఎక్కువ విలువ, ఖాళీలు ఎన్ని అని చూశాకే ముందుకెళ్తాను.

టూల్స్ సంగతి తొందరగా చెప్పేస్తా. కోడ్ రాకపోయినా డేటార్యాపర్, ఫ్లరిష్‌తో మంచి చార్టులే వస్తాయి, మ్యాపులకి క్యూజీఐఎస్ ఉచితం, లెక్కలకి పైథాన్ గానీ ఆర్ (R) అనే భాష గానీ ఒకటి చాలు. ఆ తర్వాత వెబ్‌పేజీలు కట్టే హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్, ఇవి చేతికొచ్చాకే చార్టులు గీసే జావాస్క్రిప్ట్ లైబ్రరీ డీ3 (D3) జోలికి వెళ్లండి. అది 2011లో వచ్చింది, ఇప్పటికీ వాడుతున్నాం, కానీ నేరుగా దాంతో మొదలెట్టినోళ్లు సగంలో వదిలెయ్యడం చాలాసార్లు చూశా.

ఇంకోటి, ఇంటరాక్టివ్ అంటే బటన్లు పెట్టడం అనుకోకండి. ఎక్కువమంది పాఠకులు అసలు క్లిక్ చెయ్యరు, స్క్రోల్ చేసుకుంటూ పోతారంతే. న్యూయార్క్ టైమ్స్ గ్రాఫిక్స్‌లో పనిచేసే ఆర్చీ ట్సే 2016లోనే ఈ మాట గట్టిగా చెప్పాడు, స్క్రోల్ కాకుండా ఇంకేదైనా చెయ్యమని పాఠకుణ్ణి అడిగితే దానికి తగ్గ అద్భుతం జరిగితీరాలని. 2020 మార్చిలో వాషింగ్టన్ పోస్ట్‌లో హ్యారీ స్టీవెన్స్ చేసిన కరోనా సిమ్యులేషన్ గుర్తుందా? మనుషులకి బదులు చుక్కలు తిరుగుతూ ఒకదానికొకటి తగిలి రంగు మారుతుంటాయి, అంతే, నొక్కాల్సిన పనే లేదు, వైరస్ ఎలా పాకుతుందో చూస్తుంటేనే అర్థమైపోతుంది.

చార్ట్‌ని ముందు ఫోన్ వెడల్పులోనే చెయ్యండి, 360 పిక్సెళ్లు అనుకోండి. లాప్‌టాప్‌లో ముచ్చటగా కనిపించిన పన్నెండు నెలల పేర్లు అక్కడ ఒకదానిమీద ఒకటి ఎక్కేస్తాయి, అప్పుడు మూడు నెలలకో పేరు ఉంచి మిగతావి తీసెయ్యండి. అయిదు రంగుల గీతలు గీసి ఏ రంగు ఎవరిదో పక్కన డబ్బాలో రాస్తే చదివేవాడు అటూ ఇటూ చూడలేక చస్తాడు, గీత చివరే పేరు రాసెయ్యండి.

పోర్ట్‌ఫోలియోకి పూర్తయినవి మూడు చాలు, సగం సగం ఇరవై వద్దు. టీమ్‌తో చేసినవైతే అందులో మీరు చేసిందేంటో రాయండి, రిపోర్టింగా, డేటానా, కోడా అని, డేటా ఎక్కణ్ణుంచి తెచ్చారో ఎలా లెక్కేశారో కింద రెండు పేరాలు పెట్టండి, నేనైతే అప్లికేషన్లలో ముందు అవే చదువుతా. అప్లై చేసేటప్పుడు లింక్ మెయిల్‌లో పైనే ఉండాలి, పంపే ముందు ఎవరిదైనా పాత ఫోన్ అడిగి తీసుకుని అందులో ఒకసారి తెరిచి చూడండి.