ఫెనిటాయిన్ ద్రావణం తెల్లబడుతోందా?

అనంతపురం ఫార్మసీ కాలేజీల్లో మూర్ఛ మందుల మీద ప్రాజెక్టు చేసేవాళ్లు పోలికకు తరచూ పెట్టుకునేది ఫెనిటాయినే. చిక్కులు మాత్రం ఎలుకల దగ్గర కాదు, బీకరు దగ్గరే మొదలవుతాయి.

సమస్య: సోడియం లవణం డిస్టిల్డ్ వాటర్‌లో వేస్తే మొదట తేటగానే ఉంది. మధ్యాహ్నానికి పలచటి మజ్జిగలా అయింది.

కారణం: పొడిని అనుమానించకండి. ఫెనిటాయిన్ బలహీనమైన ఆమ్లం, పీకేఏ (ఆమ్లం ఎంత బలమైనదో చెప్పే అంకె) 8.3 దగ్గర. లవణం పూర్తిగా కరిగి ఉండాలంటే పీహెచ్ 11కు పైన ఉండాలి. మూత లేని బీకరు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను లాక్కుంటుంది, పీహెచ్ దిగుతుంది, నీళ్లలో కరగని ఆమ్లం తెల్లగా బయటపడుతుంది. ఆసుపత్రి ఇంజెక్షన్‌ను 40 శాతం ప్రొపిలీన్ గ్లైకాల్, 10 శాతం ఆల్కహాల్‌తో పీహెచ్ 12 దగ్గర తయారుచేసేది ఇందుకే. గ్లూకోజు సీసాలో కలపొద్దనేదీ ఇందుకే.

పరిష్కారం: నీళ్లు మరిగించి, మూతపెట్టి చల్లార్చి వాడండి. సోడియం హైడ్రాక్సైడ్ చుక్కచుక్కగా వేస్తూ పీహెచ్ మీటరు చూసుకోండి. ఏ రోజుది ఆ రోజే కలుపుకోవాలి. నోటి ద్వారా ఇచ్చేటట్టయితే ఈ తంటా అక్కర్లేదు: ఫెనిటాయిన్‌ను 0.5 శాతం సీఎంసీలో (నీళ్లను చిక్కబరిచే కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్) నూరి, సిరంజిలోకి తీసే ప్రతిసారీ బాగా కుదిపితే చాలు.

తెల్లబడిన ద్రావణాన్ని ఫిల్టర్ చేయడం మాత్రం వద్దే వద్దు. కాగితం మీద మిగిలే ఆ తెల్లపొడే మందు. కింద పడిన తేట నీళ్లలో మందు ఎంత మిగిలిందో ఎవరికీ తెలీదు. ఆ నీళ్లే ఎక్కించి, సాయంత్రానికి "మందు పని చేయలే సార్" అంటారు.

సమస్య: ద్రావణం సరిగ్గానే ఉంది, అయినా మూర్ఛ ఆగలేదు.

ఏ పద్ధతి? కరెంటు షాకిచ్చి మూర్ఛ తెప్పించే ఎంఈఎస్ పద్ధతిలో ఫెనిటాయిన్ వెనక కాళ్లు బిగుసుకోవడాన్ని ఆపుతుంది. 1938లో అమెరికా డాక్టర్లు మెరిట్, పుట్నం దీని గుణాన్ని బయటపెట్టిందీ పిల్లులకు కరెంటు షాకిచ్చే పద్ధతిలోనే. పీటీజెడ్ అనే రసాయనంతో తెప్పించే మూర్ఛల్లో అది అక్కరకు రాదు. అక్కడ వాల్‌ప్రోయేట్‌నో డయాజెపామ్‌నో పెట్టుకోవాలి. మందు మార్చాలన్నా జంతు ప్రయోగాల ఎథిక్స్ కమిటీకి ముందే రాయాలి, మర్చిపోకండి.

తూకంలో తేడా వస్తే లేబుల్ చూడండి: 100 మి.గ్రా. సోడియం లవణంలో ఫెనిటాయిన్ 92 మి.గ్రా. మాత్రమే.

వాల్‌ప్రోయేట్‌కు మారాక పొడి ముద్దకడితే, అది గాలిలోని చెమ్మ పీల్చిందన్నమాట. మన దగ్గర ఎండాకాలంలో ఈ గొడవ తక్కువ, సెప్టెంబరు వానల్లోనే ఎక్కువ. సిలికా జెల్ వేసిన డెసికేటర్‌లో (చెమ్మ చేరకుండా మూత బిగించే గాజు పాత్ర) పెట్టి, మూత తీసిన వెంటనే తూచేయండి. ఆలస్యమైతే నీళ్ల బరువూ మందు లెక్కలోకే పోతుంది.