సూపర్‌నోవా వెలుగు గ్రాఫ్ గీసే ముందు చూసుకోవాల్సినవి

జడ్‌టీఎఫ్, అట్లాస్ లాంటి, ఆకాశాన్ని వాటంతట అవే ఫొటోలు తీసే రోబోటిక్ సర్వేల నుంచి సూపర్‌నోవాల (పేలిపోయే నక్షత్రాల) డేటా ఉచితంగా దొరుకుతోంది కదా అని డౌన్‌లోడ్ చేసి వెంటనే గ్రాఫ్ గీసేయకండి.

అన్నిటికన్నా ముఖ్యం సాచురేషన్. 2023 మే 19న ఎం101 గెలాక్సీలో జపాన్‌కు చెందిన కోయిచి ఇటగాకి కనిపెట్టిన సూపర్‌నోవా ఎస్ఎన్ 2023ఐఎక్స్ఎఫ్‌నే తీసుకోండి, అది దాదాపు 11వ మాగ్నిట్యూడ్ (వెలుగును కొలిచే అంకె, ఎంత చిన్నదైతే అంత ఎక్కువ వెలుగు) దాకా వెలిగింది, మసక వస్తువుల కోసం కట్టిన ఈ కెమెరాలకు అంత వెలుగు ఎక్కువైపోయి పిక్సెళ్లు నిండిపోతాయి, అప్పుడు వచ్చే అంకె అసలు వెలుగు కాదు. అందుకే శిఖరం దగ్గరి పాయింట్లను నమ్మే ముందు ఏఏవీఎస్ఓలో (వెలుగు మారే నక్షత్రాలను గమనించేవాళ్ల అమెరికా సంఘం) ఔత్సాహికులు చిన్న టెలిస్కోపులతో తీసిన కొలతలతో పోల్చి చూడండి.

ఫిల్టర్లు (కెమెరాలోకి కొన్ని రంగుల వెలుగునే రానిచ్చేవి) కలపొద్దు. అట్లాస్ వాడే సయాన్, ఆరెంజ్ వేరు, జడ్‌టీఎఫ్ జీ, ఆర్ వేరు. అన్నీ ఒకే గీతలో పెడితే లేని ఎగుడుదిగుళ్లు కనిపిస్తాయి.

గెలాక్సీ వెలుగు పోవడానికి కొత్త ఫొటోలోంచి తీసివేసే రిఫరెన్స్ ఫొటో పేలుడుకు ముందు తీసిందేనా? తర్వాతిదైతే తీసివేతలో సూపర్‌నోవా వెలుగే కొంత పోతుంది.

సమయాన్ని రోజుల లెక్కలో రాసే జేడీకి (జూలియన్ డేట్), ఎంజేడీకి (మోడిఫైడ్ జూలియన్ డేట్) తేడా 2400000.5 రోజులు. ఆ అర రోజు మరిచిపోతే మొదటి గంటల్లో వెలుగు పెరిగిన తీరంతా తప్పుగా వస్తుంది.

నెగటివ్ ఫ్లక్స్ (తీసివేత తర్వాత సున్నా కన్నా తక్కువగా వచ్చిన వెలుగు అంకె) వచ్చిందని ఆ వరుసలు మాత్రం దయచేసి చెరిపేయొద్దు. పేలుడుకు ముందు రాత్రుల్లో అక్కడ ఏమీ కనబడలేదన్నది కూడా కొలతే, అసలు ఎప్పుడు పేలిందో తేల్చడానికి అదే ఆధారం.

మాగ్నిట్యూడ్ అక్షాన్ని తిరగేయండి, చిన్న అంకె పైన ఉండాలి.