రీఛార్జబుల్ బ్యాటరీ పనితీరును సీసం రేకులతో చేసి తెలుసుకోవడం ఎలా?

ఛార్జింగ్ అంటే ట్యాంకులోకి నీళ్లు ఎక్కించినట్టు బ్యాటరీలోకి కరెంటు నింపడమేనని చాలామంది అనుకుంటారు. అక్కడ నిల్వ ఉండేది కరెంటు కాదు. లోపలి పదార్థాలు వేరే పదార్థాలుగా మారతాయి, శక్తి ఆ మార్పులో దాగుతుంది. దాన్ని కళ్లారా చూడాలంటే 1859లో ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే చేసిన సీసం బ్యాటరీయే సులువైన దారి. స్కూలు ల్యాబులో, టీచర్ దగ్గరుండగా మాత్రమే చేయండి.

ముందుగా కళ్లద్దాలు, చేతి తొడుగులు వేసుకోండి. రెండు సీసం రేకులను తడి గరుకు కాగితంతో రుద్దండి. పొడిగా రుద్దితే దుమ్ము లేస్తుంది, సీసం విషం. రేకులు ఒకదానికొకటి తగలకుండా బీకరులో నిలబెట్టి, టీచర్ కలిపి ఇచ్చిన సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం పోయండి.

ఇప్పుడే వోల్టుమీటరు పెట్టి చూడండి. తొందరలో చాలామంది ఈ పని వదిలేస్తారు. ముల్లు దాదాపు సున్నా దగ్గరే ఉంటుంది. రెండూ ఒకే లోహం కదా, ఎలక్ట్రాన్లు ఎటు నుంచి ఎటు పోవాలి?

తర్వాత 5 వోల్టుల డీసీ సప్లైకి కలిపి ఐదు నిమిషాలు ఉంచండి. బుడగలు వస్తాయి. అవి హైడ్రోజన్, ఆక్సిజన్, కాబట్టి దగ్గర్లో మంట ఉండకూడదు. ధనధ్రువానికి కలిపిన రేకు ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. అది లెడ్ డయాక్సైడ్ పొర. రెండో రేకు బూడిద రంగులోనే ఉంటుంది. ఒకే లోహంగా మొదలైన జంట ఇప్పుడు రెండు వేర్వేరు పదార్థాలైంది.

సప్లై తీసేసి మళ్లీ కొలవండి. సుమారు 2 వోల్టులు కనిపిస్తాయి. ఎర్ర ఎల్ఈడీ పొడవు కాలును గోధుమ రేకుకు, పొట్టి కాలును రెండోదానికి తగిలిస్తే వెలుగుతుంది. అప్పుడు బూడిద రేకులోని సీసం ఎలక్ట్రాన్లను వదులుతుంది, లెడ్ డయాక్సైడ్ వాటిని తీసుకుంటుంది. సీసం ఆక్సీకరణ స్థితి (పరమాణువు ఎన్ని ఎలక్ట్రాన్లు కోల్పోయిందో చెప్పే లెక్క) ఒకవైపు 0 నుంచి +2కి పెరుగుతుంది, ఇంకోవైపు +4 నుంచి +2కి తగ్గుతుంది. చివరికి రెండుచోట్లా తయారయ్యేది లెడ్ సల్ఫేటే.

అసలు కిటుకు ఈ లెడ్ సల్ఫేట్‌లోనే ఉంది. అది ఆమ్లంలో దాదాపు కరగదు. పుట్టిన చోటే రేకుకు అంటుకుని ఉంటుంది. అందుకే కరెంటును ఎదురు దిశలో పంపితే ఒకవైపు సీసంగా, మరోవైపు లెడ్ డయాక్సైడ్‌గా తిరిగి మారుతుంది. మామూలు టార్చి సెల్లులో ఇలా వెనక్కి తిప్పడానికి ఏర్పాటు లేదు. దాన్ని ఛార్జ్ చేయబోతే కారిపోవచ్చు, పగలనూ వచ్చు.

ఛార్జింగ్, డిశ్చార్జింగ్ నాలుగైదుసార్లు చేసి చూడండి. రేకుల ఉపరితలం గుల్లబారి, చర్యకు చోటు పెరిగి, బ్యాటరీ అంతకంతకూ ఎక్కువ నిల్వ చేస్తుంది. ప్లాంటే కూడా ఇలాగే చేశాడు.

పరీక్షలో మార్కులు పోయేది ఆనోడు దగ్గర. ఆక్సీకరణం, అంటే ఎలక్ట్రాన్లను వదలడం, ఎక్కడ జరిగితే అదే ఆనోడు. వాడేటప్పుడు అది బూడిద రేకు, ఛార్జ్ చేసేటప్పుడు గోధుమ రేకు. ధన, రుణ ధ్రువాలు మాత్రం మారవు.

పని అయ్యాక ఆమ్లాన్ని సింకులో పారబోయకండి, అందులో సీసం ఉంటుంది. టీచర్ చూపించిన వ్యర్థాల సీసాలో పోసి, చేతులు సబ్బుతో కడుక్కోండి.