సంఘం చీలిపోయేలా ఉందా? పెద్దలు ఏ వరుసలో ఏం చేయాలి

నగరాల్లో పేదపేటల మధ్య ఉండే క్రైస్తవ సంఘాలు సిద్ధాంతాల మీద విడిపోవడం తక్కువ. ఇళ్లు కాలిపోతాయి, వరద వస్తుంది, పనులు ఆగిపోతాయి, లేదా ఖాళీ చేయమని నోటీసు వస్తుంది. బయటి నుంచి డబ్బు, సరుకులు వస్తాయి. అవి ఎవరికి అందాయి, ఎవరికి అందలేదు, లెక్కలు ఎవరి చేతిలో ఉన్నాయి అనే దగ్గర గొడవ మొదలవుతుంది. కొన్ని నెలలు తిరిగేసరికి ఆరాధనలో కుడివైపు ఒక జట్టు, ఎడమవైపు ఒక జట్టు కూర్చుంటాయి. ఇలాంటి గొడవల్లో చాలాసార్లు మధ్యన కూర్చున్నాను. నిలబడగలిగిన సంఘాలు కూడా పెద్దల తొందరపాటు వల్ల విడిపోవడం చూసి విసిగిపోయి ఇది రాస్తున్నాను.

కావలసినవి

ఒక నోట్‌బుక్, సాయం పంచిన లిస్టు, కానుకల రశీదులు, బ్యాంకు పాస్‌బుక్. వినడానికి ఇద్దరు: ఒక పురుషుడు, ఒక స్త్రీ. వాళ్లు కాపరికి (పాస్టరుకు) గానీ, ఏ జట్టు నాయకుడికి గానీ బంధువులు కాకూడదు. ఫిర్యాదు కాపరి మీదే అయితే ఆయన ఈ పనికి దూరంగా ఉండాలి. ల్యాప్‌టాప్ వద్దే వద్దు. ఎదురుగా టైపు చేస్తుంటే స్టేషన్‌లో వాంగ్మూలం ఇస్తున్నట్టు ఉంటుంది, జనం నోరు మెదపరు.

ఇంకో మాట ముందే చెప్పాలి. ఫిర్యాదులో పిల్లల మీద అఘాయిత్యం, లైంగిక వేధింపు, కొట్టడం ఉంటే ఈ పద్ధతి దానికి కాదు. ముందు బాధితులు క్షేమంగా ఉండేలా చూడండి, డాక్టరు దగ్గరికి, పోలీసుల దగ్గరికి వెళ్లండి. సంఘం పరువు పోతుందని దాన్ని ప్రార్థనా గదిలో సర్దేయడం పాపం, పిల్లల మీద లైంగిక అఘాయిత్యమైతే నేరం కూడా.

మొదటి రోజు

సంఘం వాట్సాప్ గ్రూపులో అడ్మిన్లు తప్ప ఎవరూ పోస్టు చేయకుండా పెట్టండి. "అందరి మాటా వింటాం, ఫలానా తేదీలోపు వింటాం" అని ఒక్క మెసేజ్ చాలు. తేదీ రాయడం మరచిపోవద్దు. సాయం పంచడం మాత్రం ఆపకండి. రెండు జట్లూ ఒప్పుకున్న ఇద్దరి చేతికి అది అప్పగించండి. గొడవ తేలేదాకా పంపిణీ ఆపేస్తే అందరికంటే ముందు పస్తులుండేది గొడవతో సంబంధం లేని వితంతువులు, ముసలివాళ్లు.

ఆదివారం ప్రసంగంలో ఈ గొడవ ప్రస్తావన రాకూడదు. సణుగుడు గురించి, తిరుగుబాటు గురించి వాక్యం చెబితే ఎవరి గురించి చెబుతున్నారో అందరికీ తెలిసిపోతుంది. ఎదుటివాళ్లకు జవాబు చెప్పే అవకాశం లేని చోట నుంచి మాట్లాడటం అన్యాయం.

విడివిడిగా వినడం: పాడయ్యేది ఇక్కడే

చాలామంది మొదటి వారంలోనే సంఘాన్నంతా కూర్చోబెట్టి "ఎవరికేం బాధ ఉందో చెప్పండి" అంటారు. దయచేసి అలా చేయకండి. గట్టిగా మాట్లాడేవాళ్లే మాట్లాడతారు. నలుగురిలో అన్న మాటను వెనక్కి తీసుకోవడం ఎవరికైనా కష్టం. బైబిల్లో మత్తయి సువార్త 18వ అధ్యాయంలో వరుస స్పష్టంగా ఉంది: ముందు తప్పు చేసినవాడితో ఒంటరిగా మాట్లాడాలి, తర్వాత ఒకరిద్దరిని వెంటబెట్టుకుని, ఆ తర్వాతే సంఘానికి చెప్పాలి. మనవాళ్లు మూడో మెట్టు దగ్గర మొదలుపెడతారు.

ఆ వచనాన్ని ఇంకో రకంగానూ పాడుచేస్తారు. "నీకు అన్యాయం చేసినాయన దగ్గరికి నువ్వే ఒంటరిగా వెళ్లి మాట్లాడు" అని బలహీనుల్ని నెట్టేస్తారు. పేదపేటల్లో సంఘ పెద్దే ఇంటి ఓనరు కావచ్చు, అప్పు ఇచ్చినవాడు కావచ్చు, పని ఇప్పించే మేస్త్రీ కావచ్చు. రేపు అద్దె కట్టాల్సిన మనిషి ఆయన ఎదుట ఏం మాట్లాడుతుంది? అలాంటప్పుడు ఆమెను ఒంటరిగా పంపకూడదు. వినేవాళ్లే ఆమె దగ్గరికి వెళ్లాలి. ఎక్కడ వింటారన్నది చిన్న విషయం కాదు. కాపరి ఇంట్లో వద్దు, పెద్దల ఇళ్లలో అసలే వద్దు. వాళ్ల ఇంట్లో గానీ, వాళ్లు చెప్పిన చోట గానీ వినండి. కూలి పోగొట్టుకుని రమ్మనకండి. పని నుంచి వచ్చాక వాళ్లకు వీలైన వేళకు మీరే వెళ్లండి.

మొదట మాట్లాడాల్సింది జట్టు నాయకులతో కాదు. ఏ జట్టులోనూ లేకుండా, ఈమధ్య ఆరాధనకు రావడం మానేసినవాళ్లతో. అసలు సంగతి ఎక్కువగా వాళ్ల దగ్గరే దొరుకుతుంది.

ఇక రాయడం. "పెద్దలు పక్షపాతం చూపిస్తున్నారు" అని రాసుకుంటే ఆ కాగితం దేనికీ పనికిరాదు. అది మీ మాట. ఆమె చెప్పింది ఇలా ఉంటుంది: "నా పేరు లిస్టులో మూడో పేజీలో ఉంది. రెండో పేజీకే సరుకులు అయిపోయాయన్నారు. మర్నాడు పంచిన అన్న వాళ్ల వరండాలో రెండు బస్తాలు చూశాను." ఉన్నది ఉన్నట్టు ఇదే రాయండి. ఇందులో లిస్టుతో పోల్చి చూడటానికి మూడు విషయాలున్నాయి. పక్షపాతం అనే మాటలో పోట్లాట తప్ప ఏమీ లేదు. రాసింది ఆమెకు చదివి వినిపించి, "ఇదేనా మీరు అన్నది?" అని అడగండి. ఆమె దిద్దితే దిద్దండి. పేరు బయటపెట్టవచ్చా అని కూడా అప్పుడే అడగండి, తర్వాత కాదు.

వింటున్నప్పుడు జవాబు చెప్పకండి. "వాళ్ల ఉద్దేశం అది కాదులెండి" అన్న ఒక్క మాటతో తలుపు మూసుకుపోతుంది. మధ్యలో "ప్రార్థన చేద్దాం" అని ఆపకండి. చివర్లో చేయండి, చిన్నగా చేయండి, ఆ ప్రార్థనలో తీర్పు చెప్పకండి. ఒక జట్టు మాటను ఇంకో జట్టుకు మోయకండి. పెద్దల మీద ఫిర్యాదైతే 1 తిమోతి 5:19లో చెప్పినట్టు ఇద్దరు ముగ్గురు సాక్షులు కావాలి. అంటే సాక్షుల్ని వెతకడం మన బాధ్యత. సాక్షులు లేరు కదా అని వినకుండా పంపించేయడానికి ఆ వచనం రాయలేదు.

కొందరు దీనంతటికీ బదులు బయటి నుంచి పేరున్న ప్రసంగీకుణ్ణి పిలిచి సమాధాన కూటాలు (రాజీ కోసం ప్రార్థన సభలు) పెడతారు. మూడు రాత్రులు అందరూ ఏడుస్తారు, కౌగిలించుకుంటారు. లిస్టు మాత్రం ఇదివరకు ఎవరి చేతిలో ఉందో వాళ్ల చేతిలోనే ఉంటుంది. ఉపవాస ప్రార్థన పెట్టండి, సంతోషమే. పాస్‌బుక్ చూడటానికి అది బదులు కాదు.

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం చూడండి. యెరూషలేములోని తొలి సంఘంలో కూడా గొడవ పంపిణీ గురించే. గ్రీకు మాట్లాడేవాళ్లలోని వితంతువులకు రోజువారీ సాయం సరిగ్గా అందలేదు. అపొస్తలులు (సంఘాన్ని నడిపిన యేసు శిష్యులు) ఫిర్యాదు చేసినవాళ్లను గద్దించలేదు. ఏడుగురిని ఎన్నుకోమన్నారు. ఆ ఏడుగురివీ గ్రీకు పేర్లే. నష్టపోయిన పక్షాన్ని నమ్మి వాళ్ల చేతికే పంపిణీ అప్పగించారని నా నమ్మకం.

కలిపి కూర్చోబెట్టడం

అన్నీ విన్నాక ప్రతి జట్టు నుంచి ముగ్గుర్ని పిలవండి. ఆదివారం పెట్టకండి. కుర్చీలు గుండ్రంగా వేయండి. గంటన్నర దాటనివ్వకండి. తేలకపోతే ఇంకో రోజు. ముందు ఇరువైపులా ఒప్పుకునే విషయాలు చదవండి, తర్వాత తేడా ఉన్నవి ఒక్కొక్కటిగా.

ముందు తగ్గాల్సింది నాయకుడే. నెహెమ్యా 5వ అధ్యాయంలో జనం తమ సొంతవాళ్లే పొలాలు తాకట్టు పెట్టించుకుని వడ్డీ లాగుతున్నారని మొరపెట్టారు. వాళ్లకు అధిపతిగా ఉన్న నెహెమ్యా మొదట తనలో తాను ఆలోచించుకున్నాడు, తర్వాత పెద్దల్ని నిలదీశాడు, సమాజాన్ని పిలిచాడు. తానూ, తనవాళ్లూ అప్పు ఇచ్చామని దాచకుండా, అందరం మానేద్దాం అన్నాడు. తప్పు తన వైపు కూడా ఉంటే కాపరి మెలికలు లేకుండా చెప్పాలి. "ఎవరికైనా బాధ కలిగి ఉంటే" అనకూడదు. "లిస్టు నేను ఎవరికీ చూపించలేదు, అది తప్పు" అనాలి.

తర్వాత

ఒప్పుకున్నవి రాసి అందరితో సంతకం చేయించండి. చదవడం రానివాళ్లకు చదివి వినిపించండి. అప్పుడు మొత్తం సంఘానికి చెప్పండి. ఇకమీదట డబ్బు ఇద్దరు లెక్కపెట్టాలి, నెలనెలా లెక్క గోడ మీద అంటించాలి. కానుక తీసుకెళ్లేటప్పుడు అపొస్తలుడైన పౌలు కూడా వేరేవాళ్లను తోడు తీసుకెళ్లాడు, తన మీద నింద రాకూడదని (2 కొరింథీయులకు 8వ అధ్యాయం).

ఇంత చేసినా కొన్ని కుటుంబాలు వెళ్లిపోతాయి. వాళ్ల గురించి వేదిక మీద ఒక్క మాట అనకండి. వేరే సంఘంలో చేరడానికి ఉత్తరం అడిగితే అదే వారం ఇవ్వండి. వాళ్ల పేరు సాయం లిస్టులో ఉంటే సాయం అయిపోయేదాకా తీసేయకండి.