ఎయిర్ ఫ్రయ్యర్, సాసేజ్, అమెరికాలో మొదటి సెమిస్టర్

ఆగస్టులో దిగిన బ్యాచ్‌కి ఇప్పుడిప్పుడే తత్వం బోధపడుతున్నట్టుంది. అమ్మ కట్టిచ్చిన పచ్చళ్లు అడుగంటాయి. రోజూ గుడ్డు పొరటు తిని మొహం మొత్తింది. రూమ్‌లో నలుగురూ తలా కొంత వేసుకుని ఎయిర్ ఫ్రయ్యర్ కొన్నారు. అందులో మొదట పడేది ఫ్రెంచ్ ఫ్రైస్, ఆ తర్వాత సాసేజ్ (సన్నని తోలు గొట్టంలో కీమా కూరి చేసేది). ఫ్రైస్ సంగతి మీరే చూసుకోండి, మాడితే పారేస్తారు, అంతే. సాసేజ్ గురించి మాత్రం కాస్త నిలబడి చదవండి.

మొన్న శనివారం మా కింది ఫ్లోర్ కుర్రాళ్ల దగ్గరికి వెళ్తే ఒకడు ప్లేట్‌లో నాలుగు సాసేజ్‌లు పెట్టుకుని కెచప్ పిండుకుంటున్నాడు. అవి తెల్లగా, పాలిపోయి ఉన్నాయి. ఒకటి విరిచి చూస్తే లోపల జిగటగా పచ్చి కీమా. “ఎంతలో పెట్టావురా?” అంటే “నూట ఎనభై అన్నా, పన్నెండు నిమిషాలు. వీడియోలో అలాగే చెప్పారు” అన్నాడు. వీడియో హైదరాబాద్‌ది. మిషన్ అమెరికాది. అక్కడ 180 అంటే సెల్సియస్, ఇక్కడ 180 అంటే ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 82 డిగ్రీలు. ఆ వేడిలో పన్నెండు నిమిషాలకి సాసేజ్ ఉడకదు, చలి కాచుకుంటుంది. ప్లేట్ లాక్కున్నాను. వాడికి కోపమొచ్చింది. రానీ.

కాబట్టి మొదటి మాట: మన వీడియోల్లో 180 నుంచి 200 అంటే ఇక్కడి మిషన్‌లో సుమారు 350 నుంచి 400. కొన్ని మిషన్లలో సెల్సియస్‌కి మార్చే వీలుంటుంది, మాన్యువల్‌లో చూడండి. ఇండియా నుంచి సూట్‌కేస్‌లో ఎయిర్ ఫ్రయ్యర్ మోసుకొచ్చిన మహానుభావులు కూడా ఉన్నారు. ఇక్కడ గోడలో వచ్చేది 120 వోల్టులే నాయనా. అది సరిగా వేడెక్కదు, దాన్ని వదిలేయండి.

ఇక అసలు భయానికి వస్తాను. మీ చేతిలో ఉన్న సాసేజ్ పచ్చిదా, ముందే ఉడికించిందా?

ఇది ఎవరూ అడగరు. ఎందుకంటే మన ఊళ్లో ఫ్రీజర్‌లోంచి తీసే చికెన్ సాసేజ్ చాలావరకు ముందే ఉడికించింది. పెనం మీద నాలుగు నిమిషాలు దొర్లించి తినేవాళ్లం. ఇక్కడి షాపులో రెండు రకాలూ ఒకే వరసలో, ఒకే రంగు ప్యాకెట్లలో, ఒక్కోసారి ఒకే కంపెనీవి పక్కపక్కనే ఉంటాయి. హాట్ డాగ్‌లు, కిల్‌బాసా (పోలండ్ రకం సాసేజ్) లాంటివి సాధారణంగా ఉడికినవే. బ్రాట్‌వర్స్ట్ (జర్మన్ రకం, ముద్దుగా బ్రాట్ అంటారు), ఇటాలియన్ సాసేజ్ (సోంపు వాసన గుప్పుమంటుంది, అదే గుర్తు), పొద్దున తినే సన్న బ్రేక్‌ఫాస్ట్ లింక్స్ ఎక్కువగా పచ్చివి. కానీ బ్రాట్‌వర్స్ట్‌లోనూ ఉడికినవి అమ్ముతారు, బ్రేక్‌ఫాస్ట్ లింక్స్‌లోనూ అమ్ముతారు. పేరు చూసి తీర్మానించకండి. పొగ వాసన వచ్చినంత మాత్రాన ఉడికిందనీ కాదు.

ప్యాకెట్ తిప్పండి. ‘ఫుల్లీ కుక్డ్’ అని ఉంటే ఉడికింది. ‘అన్‌కుక్డ్’, ‘రా’, ‘కుక్ థరోలీ’ అని ఉంటే పచ్చిది. ఏమీ అర్థం కాకపోతే వెనక ఒక చిన్న డబ్బా వెతకండి: ‘సేఫ్ హ్యాండ్లింగ్ ఇన్‌స్ట్రక్షన్స్’ అని తలకట్టు, కింద ఫ్రిజ్, కుళాయి కింద చేతులు, పెనం, థర్మామీటర్, ఇలా గోరంత బొమ్మలు. పచ్చి మాంసం, సగం ఉడికిన మాంసం ప్యాకెట్ల మీద ఆ లేబుల్ ఉండాలని 1994 నుంచి ఇక్కడ రూలు. ఆ బొమ్మలు కనిపించాయా, మీ చేతిలో ఉన్నది పచ్చి కీమా, లేదా సగమే ఉడికిన కీమా. ఆ ప్యాకెట్‌ని పచ్చి కోడిమాంసం లాగే చూడాలి. విప్పిన చేత్తో ఫోన్ ముట్టుకోకూడదు, ఆ ప్లేట్‌లోనే ఉడికినవి వడ్డించుకోకూడదు. అన్నట్టు, కోడిని కడిగినట్టు సాసేజ్‌ని సింక్‌లో కడగకండి. పసుపు పట్టించినా లోపలికి పోదు.

ఎందుకింత గోల అంటారా? మాంసం ముక్కలో క్రిములు చాలావరకు పైపైనే ఉంటాయి, సెగ తగలగానే పోతాయి. కీమా కొట్టాక పైనున్నది లోపలికి కలిసిపోతుంది. అందుకే నడిమధ్య దాకా ఉడకాలి. మన ఇళ్లలో ఈ బెంగ ఉండదు. మటన్ అంటే కుక్కర్‌లో ఎనిమిది విజిల్స్, ఆ తర్వాత ఇగురు, అందులో బతికే పురుగు ఏముంటుంది? ఎయిర్ ఫ్రయ్యర్ అలా కాదు. వేడిగాలి చుట్టూ తిరిగి తోలుని ఇట్టే ఎర్రగా చేసేస్తుంది. చూడటానికి ఫొటో తీసి స్టేటస్ పెట్టేంత అందంగా ఉంటుంది, లోపల ఇంకా సలసల కాదు, గోరువెచ్చన.

రంగు చూసి చెప్పేస్తాం అనేవాళ్లు ప్రతి రూమ్‌లో ఒకరుంటారు. రంగు మోసం చేస్తుంది. పొగబెట్టినవి, క్యూర్ చేసినవి (అంటే నిల్వకోసం ఉప్పూ నైట్రైట్ అనే లవణమూ పట్టించినవి) ఆ నైట్రైట్ వల్ల ఎంత ఉడికినా గులాబీగానే ఉంటాయి. పచ్చి సాసేజ్ కొన్నిసార్లు పూర్తిగా ఉడక్కముందే గోధుమ రంగుకి తిరుగుతుంది. నమ్మాల్సింది థర్మామీటర్‌ని. పంది, గొర్రె, బీఫ్ కీమా అయితే నడిమధ్యన 160 ఫారెన్‌హీట్. చికెన్, టర్కీ అయితే 165. మన లెక్కలో 71, 74. ఈ రెండు అంకెలూ ఫ్రిజ్ తలుపు మీద రాసి అంటించండి.

నాకీ పట్టుదల ఎక్కడిదంటే, క్యాంపస్ డైనింగ్ హాల్ నుంచి. నా మొదటి సెమిస్టర్ అక్కడ పనిచేస్తూనే గడిచింది. స్టూడెంట్ వీసా మీద సెమిస్టర్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలకి మించి చేయనివ్వరు, ఆ ఇరవైలో ఎక్కువ తెల్లవారుజాము షిఫ్టులే. బస్సులు మొదలవ్వవు, మంచులో నడిచి వెళ్లి, నెట్టు టోపీ పెట్టుకుని, తడిసిన బూట్లతో టిఫిన్ వేళకి ట్రేలు సర్దడం. అంట్ల గదిలో ఆవిరికి కళ్లజోడు కనిపించేది కాదు. అమ్మకి ఫోన్ చేసి “లైబ్రరీలో ఉన్నా” అనేవాణ్ణి. అక్కడి సూపర్‌వైజర్ పెద్దావిడ, మాట కటువు. థర్మామీటర్ చొక్కా జేబులో పెన్నులా ఉండేది. ప్రతి సాసేజ్ ట్రేలోనూ రెండు మూడు గుచ్చి, అంకె, టైమ్ కాగితం మీద రాయాలి. అంకె రాయకపోతే, అది ఎంత ఎర్రగా వేగినా సరే, ట్రే మొత్తం వెనక్కి ఓవెన్‌లోకే. అప్పుడు తిట్టుకున్నాను. ఇప్పుడు నా సొంత జేబులో ఒకటి పెట్టుకుని జనాల ఇళ్లకి తిరుగుతున్నాను.

డిజిటల్ థర్మామీటర్ పది పదిహేను డాలర్లు. ఒక్క పూట బిర్యానీ ఖర్చు. కొనండి. ‘మాకెందుకన్నా’ అనకండి, మిడ్‌టర్మ్స్ ముందు నలుగురికీ ఒకే బాత్రూమ్ ఉన్న ఇంట్లో విరేచనాలు పట్టుకుంటే ఆ డాలర్ల విలువ తెలుస్తుంది. గుచ్చే పద్ధతి కూడా ఉంది. పక్క నుంచి అడ్డంగా గుచ్చితే మొన అవతలికి వచ్చేస్తుంది. చివర నుంచి నిలువుగా, పొడుగునా లోపలికి పంపాలి, మొన నడిమధ్యన ఆగాలి, బాస్కెట్ ఇనుముకి తగలకూడదు. ఉన్నవాటిలో లావుపాటి దాన్ని చూడండి, ఇంకో దాన్ని కూడా చూడండి. థర్మామీటర్ మీద అనుమానముంటే గ్లాసు నిండా ఐసు ముక్కలు, కొంచెం నీళ్లు పోసి ముంచండి, 32 చూపించాలి.

వండటం చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పచ్చి బ్రాట్ అయితే 375లో పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పాలి. సన్నవి ముందే అవుతాయి. ఉడికినవైతే ఏడెనిమిది నిమిషాలు వేడి చేస్తే చాలు. ఒకదాని మీద ఒకటి పేర్చకండి, గాలి ఆడాలి. నూనె అక్కర్లేదు. ఫోర్క్‌తో పొడవకండి, ఎవరో చెప్పారని అందరూ పొడుస్తారు, రసమంతా కారి తోలు మిగులుతుంది. గడ్డకట్టినవి రాత్రే ఫ్రిజ్ కింది అరలో పెట్టుకోండి, సింక్ పక్కన గంటల తరబడి వదిలేయడం మన పద్ధతే కానీ మంచి పద్ధతి కాదు. పచ్చివి కొన్న రెండు రోజుల్లో వండాలి, లేదా ఫ్రీజర్‌లో పెట్టాలి. వండినవి ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు.

పొగ వస్తే అది కారిన కొవ్వు వేడికి మాడుతోందన్నమాట. బాస్కెట్ కింది డ్రాయర్‌లో రెండు చెంచాల నీళ్లు పోస్తే తగ్గుతుంది, నిన్నటి జిడ్డు కడిగి ఉంటే అసలు రాదు. స్టవ్ పైన మైక్రోవేవ్‌లో ఉండే ఫ్యాన్ చాలా అపార్ట్‌మెంట్లలో పొగని బయటికి పంపదు, వడగట్టి మళ్లీ మీ మొహం మీదకే వదులుతుంది. కిటికీ తీయండి. స్మోక్ అలారానికి కవర్ తొడగడం, ఊడబీకడం లాంటి తెలివితేటలు వద్దు, చాలా లీజుల్లో దానికి ఫైన్ రాసుంటుంది. మైక్రోవేవ్, ఎయిర్ ఫ్రయ్యర్ ఒకే లైన్ మీద కలిపి వేస్తే బ్రేకర్ పడిపోతుంది. పడితే ప్యానెల్‌లో ఆ స్విచ్‌ని పూర్తిగా ఆఫ్‌కి తోసి మళ్లీ ఆన్ చేయండి, లీజింగ్ ఆఫీసుకి అర్ధరాత్రి ఫోన్ చేయకండి.

ఇంకొకటి, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. చికెన్ సాసేజ్ అని రాసున్నా పై తోలు పంది పేగుదో, బీఫ్ కొలాజెన్‌తో చేసిందో కావచ్చు. పదార్థాల జాబితా చివర్లో చిన్న అక్షరాల్లో రాస్తారు. బీఫ్ తిననివాళ్లు, పంది ముట్టనివాళ్లు ఆ చివరి లైన్ దాకా చదవండి. హలాల్ కావాలంటే గుర్తున్న ప్యాకెట్టే తీసుకోండి. రూమ్‌లో శాకాహారి ఉంటే బాస్కెట్ కడిగాం కదా అని వాదించకండి. ఆ అమ్మాయికో అబ్బాయికో వేరే చిన్నది కొనుక్కోనివ్వండి, లేదా మీరే కొనుక్కోండి. బాస్కెట్ దగ్గర మొదలైన గొడవ లీజు చీలేదాకా పోవడం చూశాను.

సరే, ఇంత చదివాక బెదిరిపోయి మళ్లీ గుడ్డు పొరటుకే పోతారేమో. అక్కర్లేదు. ఒప్పుకోక తప్పదు, పని తెలిశాక ఎయిర్ ఫ్రయ్యర్‌లో సాసేజ్ అంత సులువైన వంట ఇంకొకటి లేదు. క్లాసు నుంచి వచ్చి బూట్లు విప్పేలోగా సగం అయిపోతుంది. థర్మామీటర్ కూడా నెల తిరిగేసరికి అలవాటైపోతుంది. మా కింది ఫ్లోర్ వాడు నిన్న 163 చూపిస్తున్న ఫొటో పంపాడు, ఏమీ రాయకుండా. కోపం పూర్తిగా పోలేదు కానీ తింటున్నాడు.

ఉత్తి సాసేజ్ కెచప్‌తో రెండు పూటలు బాగుంటుంది, మూడో పూట ఎక్కదు. అప్పుడు ఉడికినదాన్ని చక్రాల్లా కోసి, బాణలిలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు వేగాక అందులో వేసి, పైన మిరియాల పొడి చల్లి రెండు నిమిషాలు తిప్పండి. వేడన్నంలోకి, చారు పక్కన పెట్టుకుంటే బ్రహ్మాండం. ఉప్పు మాత్రం రుచి చూశాకే వేయండి, సాసేజ్‌లో ఉన్నదే చాలాసార్లు సరిపోతుంది.