మెక్‌డవెల్‌లో స్వరకర్తలకు నివాసం: దరఖాస్తు విధానం

అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో పీటర్‌బరో అనే చిన్న ఊరు ఉంది. అక్కడి అడవిలో ఒకదానికొకటి కనిపించనంత దూరంగా ముప్పై దాకా స్టూడియోలు కట్టారు. స్వరకర్త ఎడ్వర్డ్ మెక్‌డవెల్, ఆయన భార్య అయిన పియానిస్టు మేరియన్ కలిసి 1907లో నెలకొల్పిన మెక్‌డవెల్ సంస్థ ఇది. ఎంపికైన కళాకారులకు, అక్కడే ఉండి తమ పని చేసుకునేందుకు, ఆరు వారాల దాకా బస, స్టూడియో, మూడు పూటలా భోజనం ఉచితం. మధ్యాహ్నం భోజనం బుట్టను గుమ్మం దగ్గర పెట్టి వెళ్లిపోతారు, తలుపు తట్టరు. చాలామంది వచ్చేది ఈ ఏకాంతం కోసమేనేమో!

ఏ దేశం వారైనా దరఖాస్తు చేయవచ్చు. డిగ్రీ, పీజీ చదువుతున్న విద్యార్థులకు మాత్రం అవకాశం లేదు. కోర్సు వర్క్ ముగించిన పీహెచ్‌డీ వారికి మినహాయింపు ఉంది. దంపతులిద్దరూ కళాకారులైతే ఎవరి దరఖాస్తు వారిదే.

దరఖాస్తు పూర్తిగా ఆన్‌లైన్‌లోనే. వసంత, వేసవి కాలాలకు సెప్టెంబరు 10, శరత్, శీతాకాలాలకు ఫిబ్రవరి 10 గడువుగా ఉంటూ వస్తున్నాయి. పంపేముందు సంస్థ సైట్‌లో తేదీలు, రుసుము ఒకసారి చూసుకోండి.

ఫారంలో అసలు బరువంతా మీ రచనల నమూనాలదే. రికార్డింగులు, స్కోరు (స్వరాలు రాసిన ప్రతి) ఉంటే అదీ జతచేయాలి. చదివిన కాలేజీ, అందుకున్న అవార్డులు వీటి తర్వాతే. వినేవాళ్ల ముందు వందల దరఖాస్తులుంటాయి కాబట్టి, మీ సంగీతం ఊపందుకునేది ఎనిమిదో నిమిషంలో అయితే ఆ రచన వద్దు, మరొకటి పంపండి. కంప్యూటర్ వాయించిన మాక్అప్ కంటే మనుషులు వాయించిన రికార్డింగు, కాస్త తడబడినా సరే, మేలని నా అభిప్రాయం.

అక్కడ ఏం రాస్తారో కూడా చెప్పాలి. 'ప్రకృతి ఒడిలో స్ఫూర్తి పొందుతాను' లాంటి మాటలు ఎవరైనా రాస్తారు. 'స్ట్రింగ్ క్వార్టెట్ (నాలుగు తంత్రీ వాద్యాల రచన) మూడో భాగం పూర్తిచేసి, మొదటి భాగాన్ని తిరగరాస్తాను' అంటే పని కళ్లకు కడుతుంది. సిఫారసు అవసరమైతే మీ పని దగ్గరగా ఎరిగినవారిని అడగండి, అదీ గడువుకు బాగా ముందే.

ఎంపికయ్యాక, అవసరాన్ని బట్టి ప్రయాణ ఖర్చులకు, ఇంటి అద్దెలాంటి వాటికి సాయం కోరవచ్చు. వీసా పనికి సమయం పడుతుంది, దాన్ని ఆఖరికి వదలకండి. రాగలిగిన తేదీలు అడిగినచోట ఒక్క నెలే ఇవ్వకుండా, వీలైనంత విశాలంగా ఇస్తే స్టూడియో కేటాయించడం వాళ్లకు తేలిక.