ఆర్ట్ డెకో ఇంట్లో ఏం తేడా కొడుతోంది? విజయనగరం, శ్రీకాకుళం ఇళ్లకు సమస్య - పరిష్కారం

ఆర్ట్ డెకో అనే భవన, అలంకార శైలి పేరుకు మూలం 1925లో పారిస్‌లో జరిగిన అలంకార కళల ప్రదర్శన. మెట్లు మెట్లుగా దిగే అంచులు, జిగ్‌జాగ్ గీతలు, సూర్యకిరణాలు, గుండ్రం తిరిగిన మూలలు, ఇత్తడి, నల్లరాయి, అద్దం దాని గుర్తులు. మన దేశంలో దీన్ని చూడాలంటే ముంబై మెరైన్ డ్రైవ్ వెళ్లాలంటారు. అక్కడి డెకో భవనాలకు 2018లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. కానీ అంత దూరం ఎందుకు, మన ఊళ్లలోని పాత డాబాల ముందు నిలబడి చూడండి. కిటికీ గ్రిల్‌లో సగం సూర్యుడు, పిట్టగోడ మీద మెట్ల డిజైను, లోపల మొజాయిక్ నేల. ఇవి ఉన్న ఇంటికి డెకో కొత్తగా తేనక్కర్లేదు. ఉన్నదాన్ని కప్పేసి పైన ఇంకోటి అతికించడం వల్లే కింద రాసిన సమస్యల్లో సగం పుడుతున్నాయి.

సమస్య: బోలెడు ఖర్చు పెట్టాం, హాలు పెళ్లి మండపంలా ఉంది

అందరికంటే ఎక్కువమంది చెప్పే బాధ ఇదే. కారణం బంగారు రంగు. సోఫా కాళ్లకీ, కర్టెన్ రాడ్డుకీ, ఫొటో ఫ్రేములకీ, సీలింగ్ అంచుకీ అదే పూత. డెకోలో మెరుపు ఉంటుంది, నిజమే. దాని పక్కన నలుపో, ముదురాకుపచ్చో, దంతపు రంగో మెరవకుండా ఉంటేనే ఆ మెరుపుకి విలువ.

గదిలో ఒక్క లోహం, మూడు రంగులు, అంతకు మించొద్దు. మెరిసే సామానంతా వరండాలోకి చేరవేసి, ఒక్కొక్కటే లోపలికి తెచ్చి చూడండి. చాలనిపించిన చోట ఆగిపోండి, మిగిలినవి అటక మీదికి. ప్లాస్టిక్ మీద గోల్డ్ స్ప్రే కొట్టినవి మాత్రం లోపలికి తేకండి. అసలు ఇత్తడి కావాలంటే శ్రీకాకుళం జిల్లాలోనే సారవకోట దగ్గర బుడితి ఉంది. అక్కడి ఇత్తడి, కంచు పాత్రల మీద చెక్కే గీతల అల్లిక డెకోకి చుట్టరికం ఉందా అనిపించేలా ఉంటుంది. నల్లటి అరుగు మీద అలాంటి పెద్ద పాత్ర ఒకటి పెడితే ఆన్‌లైన్‌లో కొన్న పది షోపీసులు దండగ అనిపిస్తాయి.

సమస్య: సూర్యుడి అద్దం చూసి దేవుడి ప్రభ అనుకుంటున్నారు

"ఇదేటమ్మా, అరసవల్లి నుంచి తెచ్చారేటి?" అని వచ్చిన పెద్దావిడ చెప్పులు విప్పి దండం పెట్టినా ఆశ్చర్యం లేదు. సూర్యనారాయణస్వామిని రోజూ తలుచుకునే ప్రాంతం మనది. చుట్టూ కిరణాలున్న పూర్తి గుండ్రం కనిపిస్తే కళ్లు ముందు అటే వెళ్తాయి.

డెకో సూర్యుడు చాలాసార్లు పూర్తిగా కనపడడు. అడ్డగీత మీంచి సగం లేస్తాడు, లేకపోతే ఓ మూల నుంచి విసనకర్రలా విచ్చుకుంటాడు. కాబట్టి గుండ్రటి అద్దాన్ని పూజగది గోడ నుంచి తీసేయండి. తలుపు పైన సగం సూర్యుడి గ్రిల్ గానీ, గాజులో చెక్కిన కిరణాలు గానీ పెట్టించండి. గేటు కొత్తగా చేయిస్తున్నారా? వెల్డింగ్ షాపులో చెప్పేటప్పుడు కాగితం మీద గీసి ఇవ్వండి. నోటితో చెబితే నెమలే వస్తుంది.

సమస్య: ముదురు రంగు గోడ మీద తెల్లటి పొడి, పొరలు ఊడుతున్నాయి

ఆకుపచ్చో నీలమో వేసిన గోడ ఆరు నెలలకే బొబ్బలెక్కుతుంది. పెయింటర్ మళ్లీ లప్పం పెట్టి ఇంకో కోటు వేస్తానంటాడు. ఒప్పుకోకండి. పెయింట్ పాడవలేదు, గోడలో నీళ్లున్నాయి. ఆ నీళ్లు ఇటుకలోని, సిమెంటులోని ఉప్పుని కరిగించి బయటికి మోసుకొస్తాయి. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు పొడిగా మిగులుతుంది. లేతరంగు గోడ మీద ఇది కనిపించదు, ముదురు రంగు ఉన్నదంతా బయటపెట్టేస్తుంది.

నీళ్లు ఎక్కడివో పట్టుకోవాలి. నేల నుంచి మూడడుగుల ఎత్తు వరకే పాడైతే చెమ్మ పునాది నుంచి ఎక్కుతోంది. కిటికీ చుట్టూ అయితే సన్‌షేడ్ అతుకు చూడండి. పైన శ్లాబ్ దగ్గరైతే పిట్టగోడ పగుళ్లు, మేడ మీద నీళ్లు నిలిచే చోటు చూడండి. అటుపక్క బాత్రూమ్ ఉంటే పైపులే మొదటి అనుమానం.

ఎటూ తేలకపోతే గోడ మీద పాలిథిన్ ముక్కని అన్ని వైపులా టేపు వేసి అంటించి, రెండు రోజులు వదిలేయండి. కవరు లోపలివైపు చెమ్మ చేరితే అది గోడలోది. బయటివైపు చేరితే గదిలో గాలి ఆడటం లేదు, ముందు కిటికీ తెరవండి.

మూలం కట్టేశాక పొడిని బ్రష్షుతో పొడిపొడిగానే దులపాలి. నీళ్లతో కడిగితే ఉప్పు మళ్లీ గోడలోకే వెళ్తుంది. ఉబ్బిన ప్లాస్టరింగ్ చెక్కించి, గోడని బాగా ఆరనివ్వాలి. వానాకాలంలో ఈ పని పెట్టుకోకండి, సంక్రాంతి దాటాక మొదలుపెడితే ఎండ సాయం చేస్తుంది. ఆ తర్వాత కూడా ముదురు రంగుని బయటి గోడకి కాకుండా ఇంటి లోపలి అడ్డగోడకి వేయించమనే నా సలహా. మెరుపు పెయింటు కంటే మ్యాట్ మేలు, గోడ ఎత్తుపల్లాలు కనపడవు.

సమస్య: ఇత్తడి నల్లబడింది, క్రోమ్‌కి మచ్చలు

భీమిలి రోడ్డువైపైనా, కళింగపట్నం వైపైనా సముద్రపు గాలిలో ఉప్పు తప్పదు. ఇత్తడిలో రెండు రకాలున్నాయి. పూత లేని దాన్ని మన పద్ధతిలో చింతపండుతో తోమి, వెంటనే కడిగి, పూర్తిగా తుడిచి ఆరబెట్టి, పల్చగా మైనం రాస్తే చాలు. లాకర్ పూత (పైన వేసే పారదర్శక వార్నిష్) ఉన్నదానికి చింతపండు తగిలించకూడదు, పీచు అసలే వద్దు. పూత గీసుకుపోయిన చోట్ల గాలి దూరి, మచ్చలు మచ్చలుగా నల్లబడుతుంది. అప్పుడు పూత మొత్తం తీయించి పాలిష్ పట్టించడమే దారి.

క్రోమ్ పూత కింద ఇనుము తుప్పు పడితే ఇంట్లో బాగుచేయలేం. తీరానికి దగ్గరగా ఉంటే మొదటే స్టెయిన్‌లెస్ స్టీల్ అడగండి. ఇంటి లోపలికి 304 గ్రేడ్ స్టీలు సరిపోతుంది, బయటి రెయిలింగ్‌కి 316.

సమస్య: జిగ్‌జాగ్ గీత మూల దగ్గర కలవలేదు

మేస్త్రి ఒక చివర నుంచి మొదలుపెట్టాడు, అంతే. మన గదుల మూలలు మూలమట్టానికి సరిపోవడం అరుదు. గోడ మధ్యలో దారం కొట్టించి, అక్కణ్నుంచి రెండు వైపులా వెళ్లమనండి. మిగిలే తేడా రెండు చివరలకీ సమానంగా పోతుంది, కంటికి ఆనదు. నేల మీదైతే మూల నుంచి ఒక గోడ వెంట 3 అడుగులు, రెండోదాని వెంట 4 అడుగులు గుర్తు పెట్టి, వాటి మధ్య కొలవండి. సరిగ్గా 5 అడుగులు వస్తేనే మూల మూలమట్టానికి ఉన్నట్టు.

సమస్య: పగలు బాగుంది, రాత్రి వెలవెలబోతోంది

కారణం 6500 కెల్విన్ (కాంతి రంగుకి కొలత) తెల్లటి ఎల్ఈడీ. ఇత్తడిని పాలిపోయినట్టు చేస్తుంది. 2700 నుంచి 3000 మధ్య ఉండే వార్మ్ వైట్‌కి (పసుపు ఛాయ వెలుగు) మార్చండి, సీలింగ్ మధ్యలో కాకుండా గోడలకి పెట్టండి.

సమస్య: పాత మొజాయిక్ నేల కళతప్పింది, పైన టైల్స్ వేసేద్దామా?

వద్దు. డెకో ఇళ్లలో కోరి వేయించుకున్న నేల అది. టైల్స్ వేస్తే నేల ఎత్తు పెరిగి తలుపులన్నీ కింద కోయించాలి, గడపల లెక్క కూడా మారిపోతుంది. పెద్దవాళ్ల గొడవ అదనం. మసకబారడానికి కారణం చాలాసార్లు బాత్రూమ్ యాసిడే. మొజాయిక్‌లో ఉన్న పాలరాయి ముక్కలనీ సిమెంటునీ అది తినేస్తుంది. పగుళ్లలో రంగు కలిపిన తెల్ల సిమెంటు నింపించి, గరుకు రాయి నుంచి నున్నటి రాయి దాకా మెషిన్ పాలిష్ పట్టించండి. దుమ్ము, బురద బాగా వస్తాయి కాబట్టి గోడల రంగు కంటే ముందే ఈ పని అయిపోవాలి. తర్వాత మామూలు నీళ్లు, కొంచెం సబ్బు చాలు.

సమస్య: ముందు గోడ మీద కట్టిన డెకో స్తంభం ఊగుతోంది

పిట్టగోడ దాటి నిలువుగా లేచే ఫలకాలు ఈ మధ్య ఎలివేషన్లలో ఫ్యాషన్. కింది నుంచి ఇనుప ఊచ లేకుండా వట్టి ఇటుకతో లేపితే గాలికి నిలవవు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుఫాన్లు చూసిన జిల్లాలు ఇవి. ఊగుతున్నదాన్ని ప్లాస్టరింగ్ చేసి దాచకండి, అయిదడుగులున్నా రెండడుగులున్నా ముందు దింపించేయండి. మళ్లీ కావాలంటే ఇంజనీరుని అడిగి, శ్లాబ్‌లోకి ఊచలు దించి కాంక్రీటుతో పోయించాలి. అంత బరువు శ్లాబ్ మొయ్యదని ఆయన అంటే, గోడ మీదే సిమెంటుతో రెండంగుళాల ఉబ్బు పట్టీలు మూడు నిలువుగా తీయించండి. సాయంత్రం ఏటవాలు ఎండకి వాటి నీడే డిజైను చూపిస్తుంది, ఖర్చూ తక్కువ.